ఇంటి గుట్టు – పత్రికా హక్కు

ఎస్.ఎస్.ఎల్.సి.కి మించిన చదువు లేని మా వంటివారు న్యాయవిషయములను గూర్చి వ్రాయబూనుట సాహసమే. ముప్పది యేండ్లకు పైగా కచ్చేరీలో గుమాస్తాగా నుండి పరుల కాగితములను బీరువాలో నుంచి తాళము వేసినవారము. ఆ చనవుతోనే ఈ నాలుగు మాటలు.

కొన్ని యేండ్ల క్రిందట మా పొరుగున నున్న యొక తెలుగువారి బిడ్డ ఇల్లు విడిచి పోయి, నాలుగు దినములలో తిరిగి వచ్చినది. ఇంతలో నొక పత్రిక ఆ వార్తను తండ్రి పేరుతో, వీధి పేరుతో, ఇంటి సంఖ్యతో సహా అచ్చువేసినది. ఆ తండ్రి పత్రికను చేతబట్టుకొని మా యింటికి వచ్చి, "అన్నగారూ, ఇందులో ఒక్క అబద్ధమున్నను పరువునష్టపు దావా వేసియుందును. అన్నియు నిజములే. ఏమి చేయుదును?" అని యడిగెను. మేము బదులు చెప్పలేకపోతిమి. మూడు నెలలు తిరుగకమునుపే వారు ఇల్లు ఖాళీచేసి ఊరు విడిచిరి.

ఆ ప్రశ్నకు సమాధానము మన తమిళనాటి వ్యాజ్యముననే కలదు. ఆరు హత్యలకు మరణశిక్ష పడిన ఆటో శంకర్ 1991లో చెంగల్పట్టు చెఱసాలయందు సుమారు 300 పుటల స్వీయచరిత్ర వ్రాసెననియు, అందు కొందఱు పెద్ద యుద్యోగులతో తనకు గల సంబంధములను బయటపెట్టెననియు 'నక్కీరన్' పత్రికవారు చెప్పిరి. దానిని ప్రచురింపవలదని 1994 జూన్‌లో జైళ్ల శాఖ యధికారి లేఖ వ్రాసెను. పత్రికవారు సుప్రీంకోర్టున కెక్కిరి. 1994 అక్టోబరు 7న తీర్పు చెప్పినవారు తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డిగారు. ఉద్యోగుల పరువు పోవునను భయముతో ప్రచురణను ముందుగా నాపు అధికారము ప్రభుత్వమునకు లేదనిరి. ఉద్యోగధర్మమున చేసిన పనుల విషయమై యధికారికి గోప్యత యను మఱుగు లేదనియు చెప్పిరి. కాని మనిషికి తన మానాన తాను బ్రతుకు హక్కు కలదు. అతని కుటుంబమును, వివాహమును, సంతానమును గూర్చి సమ్మతి లేనిదే ఎవరును ప్రచురింపరాదు, అది నిజమైనను సరే, పొగడ్తయైనను సరే యనిరి. 'నిజమైనను' అన్న ఆ మాటను మేము చాల ఆలస్యముగా చదివితిమి.

(అంతకు చాల మునుపే, 1962 డిసెంబరులో, ఖరక్ సింగ్ వ్యాజ్యమున రాజమండ్రివారైన జస్టిస్ కోకా సుబ్బారావుగారు గోప్యత వ్యక్తిస్వేచ్ఛలో భాగమేయని భిన్నాభిప్రాయము వ్రాసియుండిరి. 2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తులు ఆ హక్కును ఏకగ్రీవముగా స్థిరపఱచిరి.)

అయినను చిక్కు తీరలేదు. ప్రజా రికార్డులకెక్కిన విషయమును పత్రికలు వ్రాయవచ్చునని ఆ తీర్పుననే యున్నది. అత్యాచారమునకో, అపహరణకో గుఱియైన స్త్రీ పేరు మాత్రము కూడదనిరి. మా పొరుగువారి ఇంటి సంఖ్య పత్రికకు దొరకినది వారు పోలీసు ఠాణాలో వ్రాసియిచ్చిన ఫిర్యాదునుండియే. అది ప్రజా రికార్డగునా? కాదనియే మా తలంపు. ఒక తండ్రి బిడ్డను వెదకిపెట్టుడని వేడుకొనుచు వ్రాసిన కాగితమది. లోకమునకు చాటుమని వ్రాసినది కాదు.

ఇట్లని రహస్యమను మాటను నమ్ముడని మేమనము. మా కచ్చేరీలో నొకమారు కట్టడపు లెక్కలు పొసగనప్పుడు, పై యధికారి చెప్పగా, ఆ ఫైలుపై 'కాన్ఫిడెన్షియల్' అను ముద్ర వేసినది మా చేయియే. అదే దినమున ఒక జవాను క్షయరోగమునకై సెలవు కోరిన అర్జీ అందఱి కండ్లయెదుట బల్లపై పడియుండెను. వచ్చినవారెల్ల దానిని చదివి పోయిరి. ఫైలును చూచినవారు లేరు. ఆనాడొక విలేఖరి వచ్చి ఆ ఫైలును కోరియున్న యెడల ఇచ్చియుండెడివారమా? ధైర్యము చాలకపోయెడిదేమో. ఇచ్చియుండవలసినదని మాత్రము ఇప్పుడు తోచుచున్నది.

ఈ వ్యాసమున ఆ వీధి పేరును, ఆ సంవత్సరమును వ్రాయకుండుట మఱపుచేత గాదు. ఆ బిడ్డ యిప్పుడు ఇల్లాలై యుండును. ఈ సంచిక ఆమె యింటికిని పోవచ్చును.