రెండవ యేటి కిరీటము

వాక్యభాగము: ప్రకటన గ్రంథము 3వ అధ్యాయము, 7 నుండి 13 వచనములు



ఈ నెల వాక్యధ్యానమునకు మేము ఒక బంతాట కథను తీసికొనుచున్నాము. అయ్యగారికి ఏమైనదో, పత్రికలో ఆటల సంగతి వ్రాయుచున్నారని పెద్దలు కొందరు నొచ్చుకొందురేమో. పౌలు భక్తుడు కొరింథు సంఘమునకు వ్రాసిన మొదటి పత్రిక 9వ అధ్యాయము తీసి చూడుడి. పందెపు రంగమున పరుగెత్తువారిని, ముష్టియుద్ధము చేయువారిని ఆయనయే మనకు చూపుచున్నాడు. కొరింథు పట్టణమునకు దగ్గరలో రెండేండ్లకొకసారి గొప్ప ఆటలు జరుగుచుండెడివి. అక్కడ గెలిచినవాని తలమీద పైను చెట్టు కొమ్మలతో చేసిన కిరీటము పెట్టెడివారు. కొంతకాలము ఎండిన ఆకుకూరతో అల్లినదే పెట్టిరట. దానికొరకే వారు నెలల తరబడి తిండి తగ్గించుకొని సాధన చేసెడివారు.

పౌలు గారి మాట మేము అనేకసారులు ప్రసంగించితిమి. అయితే ఒక సంగతి మాత్రము మాకు ఇటీవలనే తట్టినది. ఆ ఆకుల కిరీటము గెలిచినవాడు రెండేండ్ల తరువాత మరల ఆ రంగమునకు వచ్చును గదా. అప్పుడు వాని స్థితి యేమి? పాత కిరీటము ఎండి రాలిపోయినది. గీత మాత్రము అందరికిని ఒక్కచోటనే గీయబడియున్నది. గెలువని వానికంటె గెలిచినవానికి అక్కడ నిలువబడుట కష్టమని మాకు తోచుచున్నది. ఈ విషయమును మాకు తెలియజెప్పినది అమెరికా దేశపు ఒక కళాశాల ఫుట్‌బాలు జట్టు.

ఆ దేశమున పడమటి తీరమందు, కాలిఫోర్నియా రాష్ట్రములో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయము కలదు. లీలాండు స్టాన్‌ఫర్డు, జేను అను దంపతులకు ఒక్కడే కుమారుడు. 1884లో ఇటలీ దేశపు ఫ్లారెన్సు పట్టణములో టైఫాయిడు జ్వరముతో పదునైదేండ్ల ప్రాయమున ఆ బిడ్డ మరణించెను. అతని జ్ఞాపకార్థము తలిదండ్రులు 1885లో ఆ విద్యాలయమును స్థాపించిరి. 1891లో తరగతులు మొదలాయెను. భర్త పోయిన తరువాత జేనమ్మగారు ఆయన జ్ఞాపకార్థము కట్టించిన దేవాలయము 1903లో ప్రతిష్ఠింపబడి నేటికిని ఆ ఆవరణ నడుమ నిలిచియున్నది. బిడ్డను పోగొట్టుకొన్న తల్లులు మన సంఘములలోను ఉన్నారు గనుక ఈ సంగతిని దాటిపోలేకపోతిమి. ఇక ఆటలోనికి వత్తము.

ఈ విద్యాలయపు జట్లకు కార్డినల్ అని పేరు. రోమను సభవారి కార్డినలు కాదు, ఒక విధమైన ఎర్ర రంగు పేరు అది. అమెరికాలో కళాశాలల పురుషుల ఫుట్‌బాలుకు జాతీయ పోటీలు 1959లో మొదలైనవి. స్టాన్‌ఫర్డువారు 1998లోను 2002లోను చివరి ఆట దాక వచ్చి ఓడి తిరిగిపోయిరి. 2015 డిసెంబరు 13న కాన్సాసు సిటీలో క్లెమ్సను జట్టును 4-0 గోళ్లతో ఓడించి మొట్టమొదటిసారి కిరీటము పొందిరి. వారి శిక్షకుడు జెరెమీ గన్. మన బైబిలులోని యిర్మీయా పేరే అక్కడ జెరెమీ అయినది. ఆయన 2011లో వేరొక కళాశాల జట్టును చివరి ఆటకు తెచ్చి ఒక్క గోలుతో ఓడినవాడు.

ఆ యేటి జట్టులో జోర్డాన్ మోరిస్ అను యౌవనుడుండెను. మన యొర్దాను నది పేరే. చివరి ఆట మొదలైన రెండవ నిమిషములోనే గోలు కొట్టినవాడు, ఆ దినము రెండు గోళ్లు చేసినవాడు అతడే. తొమ్మిదవ యేటనుండి చక్కెర వ్యాధితో ఇన్సులిను తీసికొనుచు ఆడినవాడు. విద్యార్థిగా నుండగానే 2015 ఏప్రిలులో దేశపు జట్టు తరపున మెక్సికోమీద గోలు కొట్టెను. ఇట్టివాడు ఒకడుండగా జట్టులోని తక్కినవారు బంతి వాని కాలికి అందించి ఊపిరి పీల్చుకొనుటకు వీలుండును.

2016 జనవరిలో మోరిస్ చదువు ముగియకమునుపే సియాటిలు పట్టణపు వృత్తి జట్టులో చేరెను. వెనుక నిలిచి కాపాడు బ్రాండన్ విన్సెంట్ చదువు ముగించి వెళ్లిపోయెను. కళాశాల జట్టులకు ఇది తప్పదు. ఏ యేటికాయేడు కొందరు వెళ్లుదురు, మీసము రాని పిల్లలు కొందరు వత్తురు. ఆగస్టు నెలాఖరున మరల ఆటలు మొదలుపెట్టునప్పుడు గత యేటి విజేత పేరు పక్కనను సున్నయే యుండును. భేదమొక్కటే. తక్కిన జట్లన్నియు ఎవరిని ఓడింపవలెనని కోరుకొనునో వారు తామే.

ఆ యేడు స్టాన్‌ఫర్డువారు మునుపటియంత మెరుగుగా ఆడలేదు. 2015లో 18 ఆటలు గెలిచి రెండే ఓడిరి, మూడు సమమాయెను. 2016లో 15 గెలిచి, మూడు ఓడి, అయిదింటిని సమముగా ముగించిరి. జాతీయ పోటీకి 48 జట్లు వచ్చును. ఒక్కసారి ఓడినవారు పెట్టె సర్దుకొని ఇంటికి పోవలసినదే. గోళ్లు కొట్టు మోరిస్ లేడు గనుక వీరేమి చేసిరనగా, గోలు పడకుండ చూచుకొనిరి. ఆ పోటీలో వారాడిన అయిదాటలలో తమమీద ఒక్క గోలైనను పడనియ్యలేదు.

డిసెంబరు 9, శుక్రవారము, హ్యూస్టను పట్టణములో నార్తు కరోలినావారితో ఆడిరి. తొంబది నిమిషములు గడిచెను, గోలు లేదు. ఆ కాలపు నియమము చొప్పున పది నిమిషముల చొప్పున రెండు మారులు అదనముగా ఆడిరి. అప్పుడును లేదు. తరువాత పెనాల్టీలు. ఒకరి తరువాత ఒకడు వచ్చి, గోలుకీపరు ఎదుట బంతి పెట్టి తన్నవలెను. 10-9 వరకు సాగి స్టాన్‌ఫర్డు నిలిచినది. ఒక్క దినము విశ్రాంతి. 11వ తేది ఆదివారము వేకు ఫారెస్టు జట్టుతో చివరి ఆట. (ఆదివారము ఆటలేమిటని మమ్మును అడుగవద్దు, మాకును నచ్చలేదు.) మరల 110 నిమిషములు, మరల గోలు లేదు, మరల పెనాల్టీలు. 5-4తో కిరీటము మరల వారికే వచ్చెను.

లెక్క వేసి చూడుడి. కడపటి రెండాటలలో 220 నిమిషములు వారు ఒక్క గోలు కొట్టలేదు, ఒక్క గోలు పడనియ్యలేదు. పెనాల్టీలతో తేలిన ఆటలను అక్కడి లెక్కలలో గెలుపుగా వ్రాయరు, సమముగానే వ్రాయుదురు. మేము పైన చెప్పిన అయిదు సమములలో ఈ రెండును చేరియున్నవి. అనగా చివరి రెండాటలను గెలిచినట్టు పుస్తకములో లేనివారే ఆ యేటి జాతీయ విజేతలైరి!

ఇంకొక వింత కలదు. ఈ రెండాటల నడుమ శనివారము, డిసెంబరు 10న, కెనడా దేశపు టొరాంటోలో వృత్తి జట్టుల చివరి ఆట జరిగెను. అందులో సియాటిలు తరపున మోరిస్ ఆడెను. అక్కడను 0-0. అక్కడను పెనాల్టీలు. అక్కడను 5-4. వెళ్లిపోయినవాడును, వెనుక మిగిలినవారును ఒక దినపు తేడాతో ఒకే రీతిగా కిరీటము పొందిరి. మేము దీనికి ఏ అర్థమును కట్టుటలేదు. చదివి ఆశ్చర్యపడితిమి, అంతే.

ఇప్పుడు వాక్యమునకు వత్తము. ఆసియలోని ఏడు సంఘములకు ప్రభువు పంపిన పత్రికలలో స్ముర్నకును ఫిలదెల్ఫియకును మాత్రమే గద్దింపు లేదు. ఫిలదెల్ఫియవారిని ప్రభువు ఎట్లు వర్ణించెనో గమనించుడి. వారి బలము కొంచెమే అని ఆయనయే చెప్పుచున్నాడు. వారు గొప్ప కార్యములు చేసిరని చెప్పడు. వాక్యమును కాపాడుకొనిరి, నామమును ఎరుగమనలేదు, అంతే. వారికి ఇచ్చిన ఆజ్ఞయు క్రొత్తదానిని సంపాదించుడని కాదు. కలిగినదానిని విడువక పట్టుకొనుడని, వేరొకడు కిరీటము ఎత్తుకొనిపోకుండ చూచుకొనుడని. సెమినరీలో చదువునప్పుడు ఈ ఆజ్ఞ మాకు చప్పగా తోచెను. మేము యౌవనులము, రాజ్యములను కదలించు ఉద్యోగము కావలెనని యుండెను. ఇరువది యేండ్ల పరిచర్య తరువాత, పట్టుకొనియుండుటకు ఎంత బలము కావలెనో తెలిసివచ్చినది.

గోలుకీపరును చూడుడి. ఆ యేడు స్టాన్‌ఫర్డు గోలుకీపరు ఆండ్రూ ఎప్‌స్టీన్. గోలు కొట్టినవానిని జనులు భుజములమీద ఎత్తుకొందురు. గోలు పడనప్పుడు గోలుకీపరు వంక ఎవరు చూతురు? పడినప్పుడే చూతురు. మన సంఘములలోను అట్టివారు కలరు. వేకువజామున లేచి పిల్లల పేర్లు వరుసగా చెప్పి ప్రార్థించు అవ్వలు, దేవాలయపు తాళపుచెవి మొలకు కట్టుకొని తిరుగు పెద్దలు, తాగి వచ్చిన భర్త ఎదుట మాట తూలక ఇంటిని కాచుకొను ఇల్లాండ్రు. వారి పేర్లు మన వార్షిక నివేదికలలో ఉండవు. బాప్తిస్మముల లెక్క ఉండును, చందాల లెక్క ఉండును. పడకుండ ఆపిన గోళ్లకు లెక్క వ్రాయు పుస్తకము మనయొద్ద లేదు.

ఇది చెప్పుచు మా తప్పు దాచుట న్యాయము కాదు. ఆరేండ్ల క్రిందట మా సంఘపు పాటలవారు మహాసభలలో మొదటి బహుమానము పొందిరి. ఒక షీల్డు ఇచ్చిరి. ప్రసంగపీఠమునకు కుడివైపు గోడకు మేకు కొట్టి దానిని తగిలించితిమి. ఏ అతిథి వచ్చినను మేమే ముందుగా దానిని చూపితిమి. ఆ మరుసటి నెల నుండి శనివారపు సాధనకు రావలసినవారు ఒక్కొక్కరే తగ్గిరి. అడిగినప్పుడు ఒక పిల్లవాడు, "షీల్డు మనదేగా అయ్యగారూ, ఇంకెందుకండీ వారం వారం?" అనెను. మేము నవ్వి ఊరుకొంటిమి. గద్దింపవలసినచోట నవ్వితిమి. మరుసటి యేడు సభలలో మూడవ చరణము సగము దాక పాడి, మాటలు మరచి, ఒకరి ముఖములు ఒకరు చూచుకొనిరి. మేము ముందువరుసలో కూర్చుండియుంటిమి. దారి పొడుగునను బండిలో ఎవరును మాటలాడలేదు. తాళములు వాయించు పెద్దమ్మ ఒకతె మాత్రము దిగునప్పుడు, "షీలుడు పాడదయ్యా, మనమే పాడాల" అని తన మూట తీసికొని వెళ్లిపోయెను.

స్టాన్‌ఫర్డువారి సంగతి ముగింపవలెను. 2017లో వారు మూడవసారియు చివరి ఆటకు వచ్చిరి. ఆ ఆట పెన్సిల్వేనియా రాష్ట్రములో ఏ పట్టణము పొరుగున జరిగెనో తెలియునా? ఫిలదెల్ఫియా పట్టణము! మన ప్రకటన గ్రంథములోని పేరునే ఆ దేశమువారు తమ పట్టణమునకు పెట్టుకొనిరి. డిసెంబరు 10న ఇండియానా జట్టుతో తొంబది నిమిషములు గోలు లేక, అదనపు ఆటలో 103వ నిమిషమున సామ్ వెర్నర్ అనువాడు ఒక్క గోలు కొట్టగా ఆట ముగిసెను. వరుసగా మూడేండ్లు గెలిచినవారు అంతకుముందు వర్జీనియావారొక్కరే. వారు 1991 నుండి 1994 వరకు నాలుగేండ్లు గెలిచిరి. 2018లో స్టాన్‌ఫర్డువారు అక్రన్ జట్టు చేతిలో ఓడి, చివరి నాలుగు జట్లలోనికి రాకయే ఆగిపోయిరి. 2018 నుండి 2024 వరకు ఏడు కిరీటములు ఇయ్యబడినవి, వరుసగా రెండేండ్లు దానిని ఉంచుకొన్న జట్టు ఒక్కటియు లేదు. 2019లో గెలిచిన జార్జిటౌను జట్టును మరుసటి పోటీలో ఇంటికి పంపిన మార్షలు జట్టే ఆ పోటీలో విజేతయాయెను. ప్రభువు మాటలో వేరొకడు కిరీటము ఎత్తుకొనిపోవుట యనునది మాకు ఇక్కడ కన్నులకు కట్టినట్టు కనబడినది. అయితే ఆ ఆటలో ఒకడు గెలువవలెనంటే ఒకడు ఓడవలెను. ఫిలదెల్ఫియవారికి చెప్పినది అట్టిది కాదు. జయించు ప్రతివానిని తన దేవుని ఆలయములో స్తంభముగా నిలుపుదునని ప్రభువు చెప్పుచున్నాడు, ఒక్కనిని మాత్రమే కాదు.

గడచిన వేసవిలో దేవాలయమునకు సున్నము వేయుటకై షీల్డును దించి మా ఇంటి అటకమీద పెట్టితిమి. గోడ ఆరినది, మేకు అక్కడనే యున్నది, ఇంకను తగిలించలేదు. సాధన శనివారము సాయంకాలము ఏడు గంటలకు. పోయిన వారము తొమ్మండుగురు వచ్చిరి. పెద్దమ్మ అందరికంటె ముందుగా వచ్చి చాప పరచెను. డోలకు వాయించు పిల్లవాడు రాలేదు. రేపు ఉదయము వాని ఇంటికి వెళ్లవలెను.