ఆశ్రయమా, సంకెలయా?

(పఠన భాగములు: ద్వితీయోపదేశకాండము 24:14–15, యోహాను 21:1–17, యాకోబు 5:1–6)



తల దాచుకొనుటకు చోటు లేనివానికి చోటిచ్చుట మంచిపని యని చిన్నబిడ్డయు చెప్పును. దానిలో సందేహము లేదు. అయితే చోటిచ్చినవానికి, ఆ చోట నివసించువాని కష్టార్జితముమీద ఏపాటి హక్కు కలుగును? ఈ ప్రశ్నకు జవాబు అంత సులభము కాదు. నార్వే దేశపు సముద్రతీరమున జాలరులకొరకు కట్టిన చిన్న చెక్కపాకల చరిత్ర ఈ ప్రశ్నను మనయెదుట స్పష్టముగా నిలుపుచున్నది. గనుక ఈ నెల దానిని ఆలోచింతము.

నార్వే యూరపు ఖండమునకు ఉత్తరపు కొననున్న దేశము. దాని ఉత్తర భాగమున, ఆర్కిటిక్ వృత్తమునకు పైన, లోఫోటెన్ అను దీవుల వరుస యున్నది. సముద్రములోనుండి నిట్టనిలువుగా లేచిన రాతికొండలు, వాటి పాదములయొద్ద ఇరుకైన రేవులు, ఇదే ఆ ప్రాంతము. డిసెంబరులో కొన్ని వారములు అచ్చట సూర్యుడు ఉదయింపనే ఉదయింపడు. అయినను వెచ్చని సముద్ర ప్రవాహమొకటి ఆ తీరమును తాకుచుండుటచేత రేవులలో నీరు గడ్డకట్టదు. ప్రతి సంవత్సరము జనవరి మొదలు ఏప్రిల్ వరకు కాడ్ అను పెద్ద చేపలు బారెంట్స్ సముద్రమునుండి గుడ్లు పెట్టుటకై గుంపులు గుంపులుగా ఇచ్చటికి వచ్చును. వెనుకటి దినములలో బలహీనులైన బిడ్డలకు పట్టించిన కాడ్‌లివర్ నూనె ఈ జాతి చేప కాలేయమునుండి తీసినదే. చేపను ఉప్పు వేయకుండ, రెండేసి చొప్పున తోకలు కట్టి, కర్ర దండెములమీద వ్రేలాడవేయుదురు. చలిగాలికే అది కట్టెవలె ఎండిపోవును. ఆ ఎండుచేప కొన్ని వందల సంవత్సరములనుండి దూరదేశములకు పోవుచున్నది. నేటికిని ఇటలీవారును నైజీరియావారును దానిని ప్రీతితో కొనుచున్నారు.

ఈ చేపలకొరకు నార్వే తీరమందంతటనుండి బీదజనులు చలికాలములో తెరచాపలు ఎత్తి, తెడ్లు వేయుచు, వందల మైళ్లు ప్రయాణము చేసి వచ్చుచుండిరి. పైకప్పులేని పడవలు, మంచుగాలి, చీకటి. ఇంటియొద్ద భార్యలు రొట్టెలును వెన్నయు ఎండు మాంసమును ఒక చెక్కపెట్టెలో సర్ది పంపుదురు. నెలల తరబడి అదే వారి భోజనము. ఇక పండుకొనుటకో? మొదటి కాలములో పడవను ఒడ్డుకు లాగి, బోర్లించి, దాని క్రింద దూరి నిద్రించెడివారని చెప్పుదురు. మనము మంచు ఎరుగనివారము. తడిసిన బట్టలతో మంచునేలపై రాత్రి గడుపుట ఎట్టిదో ఊహించుటయు మనకు కష్టమే.

సుమారు 1120వ సంవత్సరమున నార్వేను ఏలుచున్న ఓయిస్టెయిన్ అను రాజు వోగన్ అను రేవునందు ఈ జాలరులకొరకు పాకలు కట్టించెనని చరిత్ర చెప్పుచున్నది. అదే రేవున దేవాలయమును కూడ కట్టించెను. అట్టి పాకకు ‘రోర్బు’ అని పేరు. తెడ్డు వేయువారి నివాసమని దాని భావము. తరువాతి కాలములలో ఇవి నీటి అంచున, సగము రాతిమీదను సగము గుంజలమీదను నిలిచి, పడవ నేరుగా గుమ్మము క్రిందికి వచ్చునట్లు కట్టబడెను. ముందు గదిలో వలలు, త్రాళ్లు, చేపల సామగ్రి. వెనుక గదిలో పొయ్యి, బల్ల, గోడవెంబడి ఒకదానిపై ఒకటిగా చెక్కపడకలు. ఒక్కొక్క పడకలో ఇద్దరేసి పండుకొందురు. తడిబట్టలు పొయ్యిపైన ఆరుచుండును. ఇది మేడ కాదు. అయినను బోర్లించిన పడవ క్రింద పండుకొన్నవానికి ఇది మేడకంటె గొప్పది.

ఈ రాజునకు సిగుర్డ్ అను సహోదరుడు కలడు. ఇద్దరును కలిసి రాజ్యము చేసిరి. సిగుర్డ్ 60 ఓడలతో బయలుదేరి, దారిపొడవున యుద్ధములు చేయుచు యెరూషలేమునకు పోయి, 1110లో సీదోను పట్టణమును పట్టుటలో పాలుపొంది, గొప్ప కీర్తితో తిరిగివచ్చినవాడు. 13వ శతాబ్దములో స్నోరి స్టుర్లుసన్ అను ఐస్లాండు పండితుడు రాజుల చరిత్ర వ్రాయుచు, ఈ అన్నదమ్ములొకనాడు విందులో కూర్చుండి ఎవరు గొప్పవారని వాదించుకొనిన సంగతి చెప్పెను. సిగుర్డ్ తన యుద్ధములను, తాను యొర్దాను నదిని ఈది దాటుటను వర్ణించెను. ఓయిస్టెయిన్ తాను ఇంటనే యుండి చేసిన పనులను ఎంచెను: బీదలు బ్రదుకునట్లు జాలరులకు పాకలు, దేవాలయములు, కొండదారిలో బాటసారులకు సత్రములు, తుపానులో ఓడలు నిలుచుటకు రేవు. ఈ పనులు చిన్నవైనను దేశప్రజలకు నీ యుద్ధములకంటె మేలు చేసినవని అతని తాత్పర్యము.

ఈ ఇద్దరిలో ఎవరి పక్షమున మనము నిలుతుము? పరిశుద్ధ పట్టణమునకు పోయినవాని పక్షమునా, ఇంటనుండి పాక కట్టినవాని పక్షమునా? యెరూషలేము పేరు వినగానే మన హృదయము అటు మొగ్గును. కాని మత్తయి సువార్త 25వ అధ్యాయములో ప్రభువు తీర్పుదినమును వర్ణించునప్పుడు, నీవెంత దూరము పోతివని అడుగలేదు. పరదేశికి చోటిచ్చితివా యని అడిగెను. అందుచేత పాక కట్టినవాని పని సామాన్యమైనది కాదు.

అయితే ఇచ్చట ఒక మాట ఒప్పుకొనవలెను. రాజునకు ఆ వేటవలన పన్ను రాబడి యుండెను. జాలరి సుఖముగా నుండిన రాజు బొక్కసమును నిండును. గనుక అతని దయలో లాభము కలిసియున్నదని ఎవరైన అనిన కాదనలేము. మనుష్యుల దయలో ఎంతో కొంత స్వప్రయోజనము కలిసియుండుట లోకములో సర్వసాధారణమే. లాభము కలిసినంత మాత్రమున మేలు కీడైపోదు. మరి ఏది మేలును కీడుగా మార్చును? తరువాతి చరిత్ర దానిని చూపుచున్నది.

కాలక్రమమున రేవులును వాటి చుట్టునున్న భూములును కొందరు యజమానుల చేతికి వచ్చెను. పాకలు వారివే. చేప కొనువారు వారే. వల, త్రాడు, పిండి అప్పుగా ఇచ్చు దుకాణమును వారిదే. వారి పాకలో దిగిన జాలరి తన చేపను వారికే అమ్మవలెను. వెల నిర్ణయించువారును వారే. 1816 నాటి చట్టము సముద్రమును కూడ రేవులవారీగా విభజించి యజమానుల బలము పెంచెను. జాలరి తుపానులో ప్రాణమొడ్డి పట్టిన చేప, పడవ దిగకముందే మరియొకని సొత్తైనట్లుండెను. ఆ ప్రాణాపాయము ఉత్తమాట కాదు. 1849 ఫిబ్రవరిలో వచ్చిన తుపానులో వందలమంది జాలరులు చనిపోయిరి.

యజమానుల పక్షమునను చెప్పదగినది కలదు. వారు పాకలు కట్టిరి, రేవులు బాగుచేసిరి. చేప పడని యేట అప్పిచ్చి జాలరి కుటుంబమును బ్రదికించిన యజమానులును ఉండవచ్చును. తన సొమ్ము పెట్టినవాడు అద్దె అడుగుట అన్యాయమా? కాదు. పాకకు తగిన అద్దె న్యాయమే. అప్పునకు తగిన తీర్పు న్యాయమే. అయితే అద్దె వేరు, సంకెల వేరు. అద్దె చెల్లించినవాడు తలయెత్తుకొని తన చేపను తనకు ఇష్టమైనచోట అమ్ముకొనగలడు. సంకెలలో నున్నవాడు చెల్లించుచునే యుండును, ఋణము తీరదు. ఇతరునియొద్దకు పోలేడు, వెల అడుగలేడు, పోయిన మరుసటి చలికాలము పడక దొరకదు. పాక అదే, పొయ్యి అదే, పడక అదే. కాని మొదట చలినుండి కాపాడిన గోడలే ఇప్పుడు చెరసాల గోడలైనవి. ఆశ్రయమును సంకెలగా మార్చునది లాభము కాదు. ‘నీకు వేరు దిక్కు లేదు’ అను మాటను లాభమునకు వాడుకొనుటయే.

యాకోబు తన పత్రిక 5వ అధ్యాయములో, పొలము కోసినవారి కూలి బిగబట్టిన ధనవంతులనుగూర్చి వ్రాయుచు, ఆ బిగబట్టిన కూలియే కేకవేయుచున్నదని హెచ్చరించెను. ద్వితీయోపదేశకాండములో ప్రొద్దు క్రుంకకముందే కూలి ఇచ్చివేయుమని ఆజ్ఞ యున్నది. ఏలయనగా బీదవాని ప్రాణమంతయు ఆ కూలిమీదనే యుండును. ఆ ఆజ్ఞ కూలివాడు స్వదేశస్థుడా పరదేశియా యని చూడదు. వానికి నీవు ముందు ఇల్లిచ్చితివా లేదా యనియు చూడదు. ఇచ్చిన ఇంటిని చూపి కూలిని తగ్గించుటకు అందులో ఎచ్చటను సెలవు లేదు.

నార్వే జాలరులు ఈ సంకెలను ఒక్కదినమున త్రెంచుకొనలేదు. 1857లో వచ్చిన చట్టము సముద్రమును అందరికిని విడిచిపెట్టెను. 1895 నాటికి ఒక్క చలికాలములో 30,000కు పైగా జాలరులు లోఫోటెనునకు వచ్చుచుండిరి. వారి రాకవలననే కాబెల్వోగ్ అను చిన్న ఊరిలో 1898లో 1,200 మంది కూర్చుండదగిన చెక్క దేవాలయము కట్టబడెను. అది నేటికిని నిలిచియున్నది. తుదకు 1938లో చేసిన చట్టమువలన, చేప మొదటి అమ్మకపు వెలను నిర్ణయించు అధికారము జాలరుల స్వంత సంఘమునకు వచ్చెను. అంతవరకు వెల చెప్పినవాడు కొనువాడు. ఆనాటినుండి పట్టినవానికిని మాట కలిగెను. పాకలు కూలగొట్టనక్కరలేకపోయెను. సంకెల తీసివేయగా పాక మరల పాకయే యాయెను.

తరువాత ఇంజను పడవలు పెద్దవై, జాలరులు పడవలలోనే పండుకొనుట మొదలుపెట్టిరి. పాకలు ఖాళీయాయెను. 1960 తరువాతి సంవత్సరములలో వాటిని బాగుచేసి విహారమునకు వచ్చినవారికి అద్దెకిచ్చుట సాగెను. నుస్‌ఫ్యోర్డ్ అను రేవులోని పాకలు పురాతన కట్టడములుగా కాపాడదగినవని 1975లో యూరపు దేశములు గుర్తించెను. నేడు లోకము నలుమూలలనుండి ధనవంతులు వచ్చి, ఎర్రరంగు వేసిన ఆ పాకలలో వెచ్చని దుప్పట్లు కప్పుకొని, కిటికీలోనుండి సముద్రము చూచి ఆనందించుచున్నారు.

ఇది తప్పా? బీదవాడు వణకిన పడకలో ధనికుడు సరదాకు పండుకొనుట వానిని ఎగతాళి చేయుటయే యని కొందరందురు. అట్లనుట న్యాయము కాదని మాకు తోచుచున్నది. ఖాళీ పాక కుళ్లిపోవుటకంటె అతిథికి ఉపయోగపడుట మేలు. ఆ ఊరివారికి జీవనమును దొరకును. అయితే అతిథి డబ్బుతో తీరని ఋణమొకటి యున్నది. తాను ఎవరి పడకలో పండుకొనియున్నాడో తెలిసికొనుట, ఆ గోడలు ఎవరి చెమటను చూచినవో అడుగుట, ఆ ఋణము. తెలిసికొనినవాడు అతిథి. తెలిసికొన నొల్లనివాడు ఎంత చెల్లించినను ఆ యింట పరాయివాడే.

మన ప్రభువు ఒకప్పుడు జాలరులకు ఒడ్డున ఆతిథ్యమిచ్చెను. శిష్యులు రాత్రియంతయు శ్రమపడి అలసి వచ్చుసరికి నిప్పులు సిద్ధముగా నున్నవి, వాటిమీద చేప యున్నది, రొట్టె యున్నది. వల నిండ 153 పెద్ద చేపలు పడినవి ఆయన మాటవలననే. అందులో నా భాగమెంత యని ఆయన అడుగలేదు. కొన్ని తెమ్మనినను అది వారి భోజనమునకే. వారు తినినపిమ్మట పేతురును ఒక ప్రశ్న అడిగెను, అది ప్రేమనుగూర్చినది. ముందు వెచ్చదనము, తరువాత భోజనము, ఆ తరువాతనే ప్రశ్న. ఆ ప్రశ్నకు ‘కాదు’ అని చెప్పుటకు కూడ పేతురునకు స్వేచ్ఛ యుండెను. ఆశ్రయమిచ్చు విధానము ఇది.

ప్రియులారా, ఈ సంగతి నార్వేకు మాత్రమే చెందినది కాదు. మన శ్రీకాకుళము తీరపు జాలరులు గుజరాతు రేవులకు పోయి నెలల తరబడి పరుల బోట్లమీద కూలికి పనిచేయుచున్నారు. మన గ్రామములనుండి ఇటుక బట్టీలకు కుటుంబములు వలసపోవుచున్నవి. బట్టీ యజమాని ముందుగా అడ్వాన్సు ఇచ్చును, గుడిసెకు చోటు చూపును. వెట్టిచాకిరి 1976 నాటి చట్టముచేత రద్దైనది. అయినను అడ్వాన్సు తీరువరకు కదలరాదను మాట ఎచ్చట వినబడునో అచ్చట ఆ పాత సంకెల ఇంకను ఉన్నది. మనలో పాలేరును పెట్టుకొనినవారున్నారు, పెరటిలో గది అద్దెకిచ్చినవారున్నారు, దిక్కులేని బంధువుల బిడ్డను ఇంట పెంచుచున్నవారున్నారు. వారిలో ప్రతివారును తమ్మును తాము అడుగవలసినది ఒక్కటే: నా యింట నున్న ఈ మనుష్యుడు రేపు వెళ్లిపోదలచిన, తలయెత్తుకొని, తన కూలి తాను తీసికొని వెళ్లగలడా? వెళ్లగలిగినయెడల మనమిచ్చినది ఆశ్రయము. వెళ్లలేనియెడల, దానికి మనము ఏ మంచిపేరు పెట్టినను, ప్రభువు దృష్టికి అది సంకెలయే.

సంకెల యున్నచోట దానిని ఈ నెలలోనే విప్పుదము. ఆశ్రయమున్నచోట దానిని ఇంకను వెచ్చనిదిగా చేయుదము. అందుకు కావలసిన ధైర్యమును దేవుడు మనకందరికి దయచేయును గాక. ఆమేన్.