ఆకలితో చేసిన దొంగతనం

దొంగకు దివ్యఖుర్ఆన్ (5:38) విధించిన శిక్ష గురించి పరాయివారే కాదు, మన పిల్లలు కూడా మమ్మల్ని అడుగుతుంటారు: కడుపు మాడి దొంగిలించినవాడికి కూడా ఇదే శిక్షా?

హజ్రత్ ఉమర్ (రజి) పరిపాలనా కాలంలో హజ్రత్ హాతిబ్ (రజి) గారి బానిసలు ముజైనా తెగకు చెందిన ఒక వ్యక్తి ఒంటెను దొంగిలించి కోసేశారు. చేతులు నరకమని ఆదేశం కూడా అయిపోయింది. అంతలో ఖలీఫా ఆగారు. మీరు వీళ్ళను పస్తులుంచుతున్నట్లున్నారని యజమానినే నిలదీశారు. ఒంటె ధర నాలుగు వందల దిర్హములని తేలితే, ఎనిమిది వందలు ఆయన చేతే కట్టించారు. ‘ముఅత్తా’లోని ఈ ఉల్లేఖనాన్ని మనకు అందజేసింది స్వయంగా హాతిబ్ (రజి) గారి మనవడే. (రెట్టింపు కట్టించడం సాధారణ నియమం కాదనీ, వస్తువు విలువ మేరకే ఇప్పించడం మదీనాలో ఆచరణ అనీ ఇమామ్ మాలిక్ (రహ్మ) అక్కడే స్పష్టం చేశారు.) హిజ్రీ 18లో వచ్చిన కరువు కాలంలో ఆయన ఈ శిక్షను నిలిపివేసిన సంగతీ ప్రసిద్ధమే.

అంతమాత్రాన దొంగతనం ధర్మసమ్మతమైపోలేదు. ఒంటె పోగొట్టుకున్నవాడికి పరిహారం ముట్టింది. పేదరికం ఉంటే చాలు, నేరం తప్పదనడం పస్తులుండి కూడా పరాయి సొమ్ము ముట్టని లక్షలాది పేదలను అవమానించడమే. అయితే నిగ్రహం పేదవాడి బాధ్యత అయినప్పుడు, అతణ్ణి ఆ పరీక్షలోకి నెట్టకుండా ఉండడం పని చేయించుకునేవాడి బాధ్యత కాదా?

మన మెకానిక్ షెడ్డులో కుర్రాడు గల్లాలోంచి వంద రూపాయలు తీస్తే నలుగురి ముందు చెంప పగలగొడతాం. పని నేర్పుతున్నామనే సాకుతో ఎన్ని నెలలు వాడికి జీతం ఎగ్గొట్టామో మాత్రం లెక్క చూసుకోం. కూలివాని చెమట ఆరకముందే కూలి ఇచ్చేయమన్న హదీసును జుమా ప్రసంగంలో విని తలలూపేది కూడా మనమే!

హజ్రత్ అబ్బాద్ బిన్ షురహ్‌బీల్ (రజి) కరువు రోజుల్లో మదీనాలోని ఒక తోటలో దూరి, వెన్నులు నలిపి తిని, కొన్ని వస్త్రంలో మూటగట్టుకున్నారు. తోట యజమాని ఆయన్ని కొట్టి, వస్త్రం లాక్కున్నాడు. వ్యవహారం దైవప్రవక్త (సల్లం) వద్దకు వచ్చింది. తెలియనివాడైతే నేర్పలేదు, ఆకలిగొన్నవాడైతే అన్నం పెట్టలేదు అని ఆయన మందలించింది ఆ యజమానినే! అబ్బాద్ (రజి) గారికి వస్త్రం తిరిగి వచ్చింది. దానితోపాటు ఒక వసఖో, అర వసఖో ధాన్యం కూడా లభించింది. అబూదావూద్ హదీసు గ్రంథంలో ఉన్న ఈ ఉదంతాన్ని చెప్పింది కూడా, ఆనాడు దెబ్బలు తిన్న ఆయనే.