పనివానికి మన్నన : పని కొఱకా? మనిషి కొఱకా?

కడచిన వేసవి సెలవులలో మా అన్నగారి కుమార్తె కొన్ని కాగితములు పట్టుకొని నా యొద్దకు వచ్చెను. ఆమె వ్యాపార నిర్వహణ శాస్త్రమున పట్టపరీక్షకు చదువుచున్నది. ఆ శాస్త్రమున తఱచుగా వచ్చు ఆంగ్ల పదములకు తెలుగు మాటలు కావలెనని ఆమె కోరిక. "చిన్నాన్నా! మీరు తెలుగు పండితులు గదా, వీటికి మంచి మాటలు చెప్పండి" అని కాగితములు నా ముందుంచినది. సామర్థ్యము, అధికారము, బాధ్యత, ప్రేరణ, మనోబలము అను మాటలు చప్పుననే కుదిరినవి. "మానవ వనరులు" అను మాట యొద్ద నా కలము ఆగెను. బొగ్గు ఒక వనరు. నీరు ఒక వనరు. కలప ఒక వనరు. వనరు అనగా మఱియొకరి అవసరమునకు వాడుకొనబడునది. మనిషిని గూడ ఈ వరుసలో చేర్పవచ్చునా? ఆ రాత్రి చాలసేపు ఈ సందేహము నన్ను విడువలేదు.

పనివానిని ఆదరించినచో పని పెరుగునని ఈ శాస్త్రము బోధించుచున్నది. అందు అసత్యము లేదు. కాని పని పెరుగుటకై చూపిన ఆదరము నిజముగా ఆదరమగునా? ఈ ప్రశ్న పెద్ద కర్మాగారములకు మాత్రమే చెందినది కాదు. దుకాణము నడుపు వర్తకునికి, బడిని నడుపు పెద్దలకు, విద్యార్థి వసతి గృహములను పోషించు మఠములకు, ఇంట పనిమనిషిని పెట్టుకొన్న ఇల్లాలికి గూడ ఇది చెందును. కావున చదువరులు కొంచెము ఓపికతో ఈ విచారమును అనుసరింపవలెనని కోరుచున్నాను.

"సామర్థ్యము" అను మాటకు ఈ శాస్త్రమున పట్టము గట్టినవాడు ఫ్రెడరిక్ టేలర్ అను అమెరికా దేశపు ఇంజనీరు. శాస్త్రీయ నిర్వహణ సూత్రములను గూర్చి ఆయన వ్రాసిన గ్రంథము 1911లో వెలువడెను. పెన్సిల్వేనియా రాష్ట్రమునందలి బెత్లెహేమ్ ఉక్కు కర్మాగారమున 1899లో తాను జరిపిన ప్రయత్నమును ఆయన అందు వర్ణించెను. అచ్చటి కూలీలు ఇనుప దిమ్మెలను ఎత్తి, నడచి, రైలు పెట్టెలలో వేయుచుండిరి. ఒక్కొక్క దిమ్మె బరువు సుమారు 42 కిలోలు. ఒక్కొక్క మనిషి దినమునకు సగటున 12½ టన్నులు మోయుచుండెను. టేలర్ పక్షమువారు గడియారము చేతబట్టి, ఎప్పుడు ఎత్తవలెనో, ఎప్పుడు నడవవలెనో, ఎప్పుడు కూర్చుండవలెనో ఆజ్ఞాపించుచు, ష్మిత్ అని ఆయన పేరు పెట్టిన ఒక కూలీచేత దినమునకు 47½ టన్నులు మోయించిరట. అతని కూలి 1 డాలరు 15 సెంట్ల నుండి 1 డాలరు 85 సెంట్లకు పెరిగెను.

మన బడిపిల్లలకు ఇచ్చు లెక్క వలె దీనిని వేసి చూడుడు. పని నాలుగింతలకు దగ్గరగా పెరిగినది. కూలి ఒకటిన్నర రెట్లకు కొంచెము మించినది. అయినను టేలర్ దుష్టుడు కాడు. పనివాని వీపుపై కేకలు వేయుట తప్ప వేఱొక పద్ధతి యెఱుగని యజమానులకు, సరియైన పద్ధతిని కనుగొనుట మీ బాధ్యతయే యని ఆయన చెప్పెను. విశ్రాంతి లేనిదే బరువు పని సాగదని నిరూపింప యత్నించెను. కాని ఇట్టి పనికి తగినవాడు బుద్ధిలో ఎద్దును పోలినవాడై యుండవలెనని గూడ నిస్సంకోచముగా వ్రాసెను. 1974లో ఇద్దరు పరిశోధకులు పాత కాగితములను పరిశీలించి, ఈ కథలో చాలభాగము వాస్తవమునకు పొసగదని చూపిరి. కథ ఎంతవరకు నిజమైనను, చెప్పినవాడు దేనిని గర్వకారణముగా తలచెనో అది మనకు తెలియుచున్నది. ఎద్దునకు గూడ మంచి రైతు నీడను, నీటిని ఇచ్చును. ఇచ్చుట మంచిదే. కాని అంతమాత్రమున ఎద్దు మనిషి కాదు. మనిషి ఎద్దు కాడు.

పిమ్మట వచ్చినది "మానవ సంబంధములు" అను మాట. చికాగో నగరము చెంత, సిసిరో పట్టణమున, టెలిఫోను పరికరములు చేయు వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీకి హాథార్న్ అను పెద్ద కర్మాగారము ఉండెను. వెలుతురు పెంచినచో పని పెరుగునా యని 1924లో అచ్చట పరీక్షలు మొదలుపెట్టిరి. వెలుతురు పెంచినచోట పని పెరిగినది. పెంచనిచోట గూడ పెరిగినది! పరీక్షకులు ఆశ్చర్యపడిరి. 1927 నుండి కొందఱు యువతులను వేఱొక గదిలో కూర్చుండబెట్టి, నడుమ నడుమ విశ్రాంతి, ఉపాహారము, పనివేళల తగ్గింపు మున్నగునవి కల్పించి చూచిరి. ఉత్పత్తి పెరుగుచు వచ్చెను. హార్వర్డ్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు ఎల్టన్ మేయో మొదలగువారు దీనికి వ్యాఖ్యానము చెప్పిరి. మనిషి కూలికి మాత్రమే పని చేయడు; తనను ఒకరు పట్టించుకొనుచున్నారను భావము, తోడివారి చెలిమి గూడ అతనిచే పని చేయించునని వారి సారాంశము. 1928–30 నడుమ ఇరువది వేలకు పైగా పనివారిని పిలిచి వారి కష్టసుఖములను వినిరి.

ఇది టేలర్ బోధ కంటె ఎంతో మేలైనదని ఎవరైనను అంగీకరింతురు. కాని ఆ గదిలోనే జరిగిన మఱియొక సంగతి కలదు. ఆ యువతులలో ఇద్దఱు ఎక్కువగా మాటలాడుచున్నారనియు, సహకరించుట లేదనియు 1928 ఆరంభమున వారిని తొలగించి, వారి స్థానమున వేఱిద్దఱిని కూర్చుండబెట్టిరి. ఆ పిమ్మటనే ఉత్పత్తి మఱింత పెరిగినది. అదే కర్మాగారమున 1936లో సలహాదారుల పద్ధతి మొదలైనది. పనివాడు చెప్పుకొను బాధను సలహాదారు ఓర్పుతో వినవలెను. ఆ బాధను తీర్చు అధికారము మాత్రము అతనికి లేదు. వినుట గొప్ప గుణమే. కాని విన్నందువలన మనసు తేలికపడి మనిషి మరల యంత్రము ముందు కూర్చుండిన చాలుననుకొన్నచో, ఆ చెవి గూడ ఒక పనిముట్టే యగును.

ఇచ్చట నా తప్పిదము నొకదానిని చెప్పుకొనక తప్పదు. కొన్నేండ్ల క్రిందట నేను పనిచేయు బడిలో ప్రధానోపాధ్యాయుని బాధ్యత కొంతకాలము నాపై పడెను. క్రింది ఉద్యోగులను మెచ్చుకొనినచో ఉత్సాహముతో పని చేయుదురని అంతకు ముందే ఒక శిక్షణ తరగతిలో వినియుంటిని. తనిఖీ దగ్గరపడుచుండెను. మా అటెండరును రోజూ పెందలకడ రమ్మంటిని, బల్లలు మోయించితిని, సాయంత్రము ఆలస్యముగా పంపితిని. పని చెప్పినప్పుడెల్ల "నీవు లేనిదే ఈ బడి నడవదయ్యా" అనుచుంటిని. అతడు చిఱునవ్వు నవ్వుచుండెను. నా ఉపాయము ఫలించినదని మురిసితిని. ఒకనాడతడు రెండు దినముల సెలవు అడిగెను. అలవాటు చొప్పున "నీవు లేనిదే ఎట్లయ్యా?" అంటిని. అతడు తల వంచుకొని, మెల్లగా, "సార్, నేను లేనిదే బడి నడవదని రోజూ అంటారు. నా ఇల్లు ఎట్ల నడుస్తాందో ఒక్కదినమన్నా అడిగినారా?" అనెను. అతని భార్య పదిదినములుగా జ్వరముతో పడియున్నదని అప్పుడు తెలిసినది.

సెలవు ఇచ్చితిని. కాని ఇచ్చునప్పుడు గూడ, "ఈ దయకు వీడు తిరిగి వచ్చి మఱింత బాగుగా పని చేయును" అను తలపు నా మనసున మెదలినది. దానిని నేనే పట్టుకొని సిగ్గుపడితిని. చెస్టర్ బర్నార్డ్ అను కంపెనీ అధ్యక్షుడు 1938లో ప్రకటించిన గ్రంథమున, ఆజ్ఞకు బలము ఇచ్చువానియందు లేదు, దానిని అంగీకరించువానియందే కలదని వ్రాసెను. మన్నన విషయము గూడ అంతే. అది మన్ననయో ఎరయో నిర్ణయించువాడు పుచ్చుకొనువాడు. మా అటెండరు ఏ శిక్షణ తరగతికిని పోలేదు. అయినను ఆ భేదము నాకంటె ముందుగా అతనికి తెలిసినది.

ఒక వర్తక మిత్రుడు నాతో వాదించెను. "ఉద్దేశము ఏదైన నేమండీ? పనివానికి మేలు జరిగినది గదా!" ఈ వాదమును త్రోసివేయరాదు. విశ్రాంతి ఏ ఉద్దేశముతో ఇచ్చినను అలసిన దేహమునకు విశ్రాంతియే. పైగా ఒకరి శ్రమను ఒకరు వినియోగించుకొనకుండ లోకము నడవదు. నేను చాకలివాని శ్రమను, అతడు నా చదువును వాడుకొనుచున్నాము. జర్మనీ దేశపు తత్త్వవేత్త కాంట్ 1785లో చెప్పినదియు ఇదియే. మనిషిని సాధనముగా వాడుకొనుట తప్పని ఆయన అనలేదు. సాధనముగా మాత్రమే చూచుట తప్పనెను. ఆ "మాత్రమే" అనుదానియందే ధర్మమంతయు ఉన్నది.

ఆ "మాత్రమే" మన యందు ఉన్నదో లేదో తెలిసికొనుట యెట్లు? లాభము కొఱకు చూపిన ఆదరము లాభముతోనే పోవును. ఆర్థిక మాంద్యము ముదిరినప్పుడు హాథార్న్ కర్మాగారమున పనివారిని పెద్దయెత్తున తొలగించిరి, ప్రయోగములును ముగిసినవి. అమ్మకములు లేని సంస్థ అందఱను పోషింపలేదు. కావున ఊరక నిందింపను. కాని మనలను మనము అడుగుకొనవలసినది ఇది: ఈ మనిషిని మన్నించుటవలన నాకు నష్టము కలుగునాడు గూడ మన్నింతునా? తనిఖీ రేపనగా సెలవు అడిగినప్పుడు అతని ముఖము చూతునా, బల్లలనే చూతునా? నా పద్ధతి తప్పని అతడు చెప్పినచో విందునా? వృద్ధుడై పని చేయలేనినాడు అతని పేరు జ్ఞాపకముంచుకొందునా?

ఈ పత్రిక చదువరులకు కాయకము అను మాట క్రొత్తది కాదు. మడివాలు మాచయ్య, అంబిగర చౌడయ్య, నులియ చందయ్య — బట్టలుతుకుట, పడవ నడుపుట, త్రాళ్లు పేనుట వారి పేర్లతోనే కలిసి గౌరవము పొందినవి. భర్త మారయ్య అవసరమునకు మించి బియ్యము ఏరి తెచ్చినప్పుడు, తిరిగి పోసి రమ్మని పంపిన లక్కమ్మ కథయు మనకు తెలిసినదే. కాని ఒక హెచ్చరిక చేయవలసియున్నది. లక్కమ్మ ఆ మాట చెప్పినది తన ఇంటికి. తనవద్ద పనిచేయు కూలివానికి కాదు. కాయకము నా పనికి నేను పెట్టుకొను నియమము. "పనియే పూజ" యని ఇతరులకు బోధించి, ఆ బోధ చాటున వంటమనిషి జీతమును, బడిపంతులు జీతమును తగ్గించినచో, ఆ పవిత్రమైన మాటను గూడ టేలర్ గడియారముగా మార్చినవారమగుదుము. మన సంస్థలను నడుపు పెద్దలు దీనిని యోచింపవలెను.

మఱునాడు ఉదయము అమ్మాయి తన కాగితముల కొఱకు వచ్చెను. "మానవ వనరులు" అనియే వ్రాసితిని. దాని క్రింద చిన్న అక్షరములతో "పనివారు" అని గూడ వ్రాసితిని. "రెండు వ్రాశారేమి చిన్నాన్నా, ఏది వ్రాయమంటారు?" అని అడిగినది. "పరీక్షలో మొదటిది వ్రాయుము తల్లీ, మార్కులు దానికే వచ్చును. ఉద్యోగమున చేరి, నీ క్రింద పదిమంది పనిచేయునాడు రెండవది చదువుకొనుము" అంటిని.