బాటసారి బత్తెము

కొలది ధనముతో పెద్ద యాత్ర చేయుట మన దేశమున నెన్నడును అవమానము కాలేదు. భుజమున మూటయు, చేత కఱ్ఱయు గొని కాశీరామేశ్వరములు చూచి వచ్చినవానిని మన గ్రామములు ఎదురేగి గౌరవించినవి. నేడును అట్టివారు కలరు. వీపున సంచి తగిలించుకొని, రైలులో సామాన్యపు పెట్టె నెక్కి, రాత్రి ఏ సత్రపు వసారాలోనో పరుండి, పగలు వీధిబండి యొద్ద తిని దేశము చూచు యువకులను మేము మెచ్చుకొందుము. సుఖమున కలవాటుపడిన దేహమును కొంత కష్టపెట్టుటయు, పరుల యూరిలో పరుల కూడు తినుటయు మంచి విద్యలే. అయితే ఈ విద్యలో ఒక ప్రశ్న యిమిడియున్నది. తక్కువ వ్యయముతో తిరిగి వచ్చితినని యాత్రికుడు లెక్క చెప్పునప్పుడు, ఆ మిగిలిన సొమ్ము ఎవరిది? తన సుఖమును తగ్గించుకొని మిగిల్చెనా, మఱియొకరి కూలిని తగ్గించి మిగిల్చెనా?

ఈ ప్రశ్నను విచారించుటకు మహానంది తగిన స్థలము. నంద్యాలకు సుమారు 15 కిలోమీటర్ల దూరమున, నల్లమల కొండల పాదమున నున్న యీ క్షేత్రమునకు వచ్చువారిలో అధికులు సామాన్యులు. మెట్టసీమకు పేరుపడిన యీ ప్రాంతమున కోనేటినీరు మాత్రము సంవత్సరము పొడుగునను పాఱుచుండును. అడుగున బడిన గుండుసూది సైతము కనబడునంత తేటగా నుండి, ఆ నీరే గుడి వెలుపలికి బోయి పొలములను, అరటితోటలను తడుపును. శివరాత్రికిని, కార్తిక సోమవారములకును జనులు బస్సులలో వత్తురు; గాజులపల్లె స్టేషనులో రైలు దిగియు వత్తురు. స్నానము చేసి, దర్శనము చేసికొని వెలుపలికి వచ్చినవారికి మొదట తోచునది ఆకలి. ఆకలి రుచి యెఱుగదని సామెత. కాని రాయలసీమ బండిపైని ఉగ్గానియు, మిరపకాయ బజ్జీయు ఆకలి లేనివానికిని రుచించును.

ఆ ఉగ్గాని వెల ఎట్లేర్పడినదో తినువారు సాధారణముగా నాలోచింపరు. బొరుగులు నీట నానబెట్టి పిండవలెను. ఉల్లిపాయలు, పచ్చిమిరపకాయలు తరిగి, పసుపుతో తిరుగబాత వేసి, పుట్నాలపొడి చల్లి కలుపవలెను. దీనికి పెద్ద పెట్టుబడి యక్కరలేదు. కాని బండి నడుపు స్త్రీ తెల్లవారకమునుపే లేవవలెను. ఎండలో పొయ్యి దగ్గర నిలువవలెను. నూనె వెల, గ్యాసు వెల పెరిగినను, ప్రక్క బండి పెంచనిదే తానొక్కతె వెల పెంచజాలదు. సామానుల ఖర్చు పోగా మిగులునదే యామె కూలి. యాత్రికుడు అయిదు రూపాయలు తగ్గింపుమని బేరమాడినప్పుడు నూనె వెల తగ్గదు, బొరుగుల వెల తగ్గదు. తగ్గునది ఆ కూలి యొక్కటే. పెద్ద హోటలులో చీటీపై వ్రాసినంతయు మాటాడక చెల్లించి, వీధిలోనికి వచ్చి అరటిపండ్ల గంపముందు గీచి గీచి బేరమాడువారిని మనము నిత్యము చూచుచున్నాము. ఎదురుచెప్పలేనివారి యెదుటనే మన పొదుపు మేల్కొనుచున్నది.

కొందఱు ఆక్షేపింపవచ్చును: బేరము అంగడికి సహజమే గదా, పొరుగూరివాని జూచి రెట్టింపు వెల చెప్పువారు లేరా యని. కలరు. అట్టిచోట ఊరివారిచ్చు వెల యెంతయో విచారించి అంతే యిచ్చుట న్యాయము. వెల తెలిసికొనుట వేఱు. తెలిసిన వెలను ఎదుటివారి యవసరము జూచి క్రిందికి లాగుట వేఱు. ఇంకను బోణీ కాలేదనియు, తొలిబేరమును త్రోసిపుచ్చుటకు ఆమె జంకుననియు ఎఱిగి సగము వెలకడుగుట ఒప్పందమువలె కనబడు నిర్బంధము.

బాటసారికి వెల లేక అన్నము పెట్టు ఆచారము ఈ సీమకు క్రొత్త కాదు. 1830లో చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య మహానంది మీదుగానే శ్రీశైలమునకు పోయెను. ఆయన పరివారముతో పోయిన కలిమిగలవాడు; అయినను ఏ మజిలీలో ఏ సామానులు దొరకునో, ఎచ్చట దిగుటకు వసతి కలదో తన యాత్రాచరిత్రలో వ్రాసియుంచి, తరువాతి బాటసారులకు మేలు చేసెను. 1866 కరవులో ఈ సీమవాడే యగు ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి తన గాదెలు తెఱచి వేలకొలది జనులకు గంజి పోయించెను. నేటికిని ఉగాదికి కన్నడదేశమునుండి నల్లమల యడవిలో కాలినడకను శ్రీశైలమునకు పోవు భక్తులకు దారిలో అన్నము పెట్టువారు కలరు. వీరందఱు కలిగినవారు, లేదా నలుగురు కూడి చందా వేసికొన్నవారు, ఇష్టపడి యిచ్చినవారు. బండి యొద్ద వెల విఱిచి తిన్నవాడును ఆ మేరకు ఉచితముగానే తినుచున్నాడు. భేదమేమనగా, ఇచ్చట దాతకు కలిమి లేదు, సమ్మతి లేదు, దాత యను పేరును లేదు.

అట్లని సత్రమే శ్రేష్ఠమని మేము చెప్పుట లేదు. సత్రమునకొక పాత దోషము కలదు: అన్నము పెట్టుటకు ముందు అది కులమడిగెడిది. శ్రీశైలము మొదలగు క్షేత్రములలో కులముల పేరిట సత్రములు నేటికిని నిలిచియున్నవి. పల్లెల టీ అంగళ్లలో రెండు గ్లాసుల దురాచారము నడచినదనుట మేము మఱవలేదు. కాని యాత్రాస్థలపు జనసమ్మర్దములో వీధిబండి ఎవరిని ఏమియు అడుగదు. ఎవరి ప్రక్కన ఎవరు నిలిచి తినుచున్నారో విచారించు తీరిక యెవరికిని లేదు. సంస్కర్తలు సహపంక్తి భోజనము లేర్పఱచి, ఉపన్యాసములిచ్చి సాధింపజూచినదానిలో కొంత ఈ బండ్లు మాటలేకయే సాధించుచున్నవి. ఈ సమానత్వమునకు ఆధారము వెల. వెల చెల్లుటచేత తిన్నవాడు ఋణపడడు, పెట్టినామె యాచింపదు. ఆ వెలను విఱిచినవాడు ఈ గౌరవమును గూడ విఱుచుచున్నాడు.

ఇది మహానందికే చెందిన విషయము కాదు. బాంకాకు నగరమున ఖావోశాన్ అను వీధి కలదు. ఆ పేరునకు బియ్యమని యర్థము. ఆ వీధి 1980ల నుండి లోకమందలి చౌకయాత్రికులకు మజిలీ యైనది. మన తెలుగు యువకులును నేడు అచ్చటికి పోయి బండ్లపై తిని వచ్చుచున్నారు. ఐరోపావాడు అచ్చట చౌకగా బ్రతుకుట అతని నేర్పు కాదు, అతని దేశపు నాణెము బలము. హైదరాబాదునుండి వచ్చిన ఉద్యోగికిని మహానంది బండియామెకును నడుమ నున్నదియు అట్టి తారతమ్యమే. ఆ బాంకాకులోనే 2014 తరువాత అధికారులు కాలిబాటలను చక్కబెట్టు పేరిట అనేక వీధులలోని బండ్లను తొలగించిరి. సింగపూరు వీధివంటల సంస్కృతికి 2020లో యునెస్కో గుర్తింపు లభించినది. మన దేశమున వీధివర్తకుల రక్షణకై 2014లో చట్టము వచ్చినది. వారి లెక్క తీసి ధ్రువపత్రము లీయకమునుపు తొలగింపరాదని అది శాసించుచున్నది. కాని చట్టమును ఎఱుగనివారికి చట్టము తోడు రాదు. రుచిని పొగడి ఊరికి పోయిన యాత్రికుడు బండిని లాగివేయునాడు అచ్చట నుండడు. కనుక ఉన్ననాడు న్యాయమైన వెల నిచ్చుటయు, తన యూరి బండ్లకు కష్టము వచ్చినప్పుడు మాటసాయము చేయుటయు అతనికి విధి.

కాబట్టి నిజముగా లేనివాడు సత్రమున తినుటకు సిగ్గుపడనక్కరలేదు. అది అతని కొఱకే పెట్టబడినది. కలవాడు ఆ పంక్తిలో కూర్చున్నచో తన భోజనపు వెల హుండీలో వేసి లేవవలెను. బండి యొద్ద వెల ముందుగా అడుగవలెను, ఎక్కువయని తోచినచో ముందుకు సాగవలెను, తిన్నపిదప తగవులాడరాదు. తిన్న విస్తరిని కాలువలో పాఱవేయరాదు. ఆ నీరు క్రిందివాని పొలమునకు పోవుచున్నది. ధనము మిగుల్చుకొనగోరువాడు బండి యెక్కక నడచి మిగుల్చుకొనవచ్చును, చాపపై పరుండి మిగుల్చుకొనవచ్చును, ఒక వేడుక మాని మిగుల్చుకొనవచ్చును. అదంతయు అతని సొంత కష్టార్జితము. మఱియొకతె పగటికూలిలోనుండి కోసి తెచ్చినది మిగులు కాదు. ఇంటికి వచ్చి యాత్రావ్యయము లెక్కించునప్పుడు ఈ రెంటిని వేర్వేఱుగా వ్రాసికొనుడని చౌకయాత్రికులను కోరుచున్నాము.