టెండరు నీతి

పనిని ఒకరికి అప్పగించవచ్చు. పనితోబాటు బాధ్యతను కూడా అప్పగించవచ్చునా? ఇది పాత ప్రశ్నే. కాని ప్రభుత్వ కార్యాలయాల పని చాలావరకు కంపెనీలు రాసే సాఫ్ట్‌వేర్ మీదికి మారిన ఈ రోజుల్లో దీన్ని మళ్ళీ అడగవలసి వస్తున్నది.

2019 ఏప్రిల్ 18న తెలంగాణలో ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడినాయి. 9 లక్షల మందికి పైగా పరీక్ష రాశారు. 3 లక్షల మందికి పైగా తప్పారు. పరీక్ష రాసిన పిల్లలు కొందరు అసలు హాజరే కాలేదని వచ్చింది. ఒక అమ్మాయికి తెలుగులో 99 మార్కులకు బదులు సున్న పడింది. ఆ రోజుల్లో ఇరవై మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారని పత్రికలు రాశాయి. మార్కులు క్రోడీకరించి ఫలితాలు తయారుచేసే పని టెండరు ద్వారా ఒక ప్రైవేటు కంపెనీ చేతికి వెళ్ళిన తరువాత జరిగిన సంగతి ఇది. ప్రభుత్వం నియమించిన త్రిసభ్య సంఘం తప్పులు సాఫ్ట్‌వేర్‌లోనూ వున్నాయి, మనుషుల పనిలోనూ వున్నాయి అని తేల్చింది. తప్పినవారి జవాబు పత్రాలను ఉచితంగా మళ్ళీ సరిచూస్తే వెయ్యి మందికి పైగా ఉత్తీర్ణులయ్యారు.

ఆ కంపెనీ మంచిచెడ్డల మీద తీర్పు చెప్పటం నా ఉద్దేశం కాదు. ఇటువంటి పని ఒక కంపెనీ చేతికి ఏ దారిన వస్తుంది, ఆ దారిలో విద్యార్థి ఎక్కడ నిలబడి వుంటాడు అన్నదే నా ప్రశ్న.

దారి ఇది. ఒక శాఖకు ఏదో అవసరం కలుగుతుంది. ఆ అవసరాన్ని షరతులుగా రాసి టెండరు పిలుస్తారు. కేంద్రానికి ఒక కొనుగోళ్ళ పోర్టల్ వుంది. 2016లో ‘జెమ్’ అనే ప్రభుత్వ అంగడి వచ్చింది. రాష్ట్రాలకు వాటి పోర్టళ్ళు వాటికి వున్నాయి. కంపెనీలు వీటిని రోజూ గాలించటానికి మనుషుల్ని పెట్టుకుంటాయి. చందా కడితే టెండరు కబుర్లు ఇంటికి పంపే వ్యాపారులు కూడా వున్నారు. ప్రకటన వచ్చాక సాధారణంగా మూడు వారాల గడువు. దాని మధ్య ఒక సమావేశం జరుగుతుంది. అందులో కంపెనీలు సందేహాలు అడుగుతాయి, షరతులు సడలించమంటాయి. 2017 నాటి కేంద్ర ఆర్థిక నియమావళి ప్రకారం ధరావతు అంచనా విలువలో 2 నుంచి 5 శాతం. ఇంత టర్నోవరు వుండాలి, ఇటువంటి పనులు ఇదివరకు ఇన్ని చేసి వుండాలి, ఫలానా ధ్రువపత్రాలు వుండాలి అని అర్హతలు పెడతారు. సాంకేతిక బిడ్ ముందు విప్పుతారు. అందులో నెగ్గిన వాళ్ళ ధరల బిడ్ తరువాత విప్పుతారు. ఎవరిది తక్కువైతే వారిదే పని. కొన్నిచోట్ల నాణ్యతకూ ధరకూ పాళ్ళు కట్టి మార్కులు వేస్తారు. చిత్రమేమంటే, మార్కుల లెక్క చెయ్యబోయే కంపెనీకి కూడా ముందు మార్కులే వేస్తారు!

ఈ పద్ధతిని తేలిగ్గా కొట్టివెయ్యటం న్యాయం కాదు. ఒకప్పుడు టెండరు పెట్టె దగ్గర కర్రలు పట్టుకున్న మనుషులు నిలబడి, పోటీదారుణ్ణి కాగితం వెయ్యనివ్వని రోజులు మన కాంట్రాక్టర్ల చరిత్రలో వున్నాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003లో ఆన్‌లైన్ టెండర్లు రావటానికి అదొక కారణం. అధికారి బంధుప్రీతినీ, లంచాన్నీ కట్టడి చెయ్యటానికే ఈ నియమాలన్నీ పుట్టాయి. దొంగతనం జరగకుండా చూడటం మంచిపనే.

అయితే ఇక్కడ ఒక సంగతి గమనించాలి. టెండరు నీతి అంతా కంపెనీకీ కంపెనీకీ మధ్య నీతి. ఓడిన కంపెనీ కోర్టుకు వెళ్ళవచ్చు. తనకు అన్యాయం జరిగిందని వాదించవచ్చు. ముందు జరిగే సమావేశంలో ఏ కంపెనీ అయినా నోరు విప్పవచ్చు. కాని ఆ సాఫ్ట్‌వేర్ వల్ల బతుకు మారే విద్యార్థికి అక్కడ కుర్చీ లేదు. జవాబు పత్రాలు దిద్దే అధ్యాపకుడికీ లేదు. పోటీదారుల మధ్య ధర్మం పాటించినంత మాత్రాన ప్రజలకు న్యాయం జరిగిందనటం, రెండెడ్ల మధ్య తగవు తీర్చి పొలం దున్నామనుకోవటం వంటిది.

పైగా కొంటున్న సరుకు సిమెంటు కాదు. బస్తాను కాటా వేసి తీసుకోవచ్చు. సాఫ్ట్‌వేర్ మంచిచెడ్డలు వాడకంలో గాని తెలియవు. ఆ వాడకం తొలి తాకిడి రెండోసారి ఫీజు కట్టే స్తోమత లేని పిల్లల మీద పడుతుంది. తక్కువ ధర అని మనం సంతోషించిన చోట, మిగిలిన ధర ఎవరు చెల్లించారో టెండరు పత్రంలో రాసి వుండదు.

అయితే ప్రైవేటు కంపెనీని తీసేసి ప్రభుత్వమే చేస్తే సరిపోతుందా? మనలో చాలామంది వెంటనే అనే మాట అదే. నేనూ అన్నాను. ప్రజల పని ప్రజల సంస్థల చేతిలో వుండాలనటంలో నాకు సందేహం లేదు. కాని ఆ 99కి సున్న పడింది కంపెనీ యంత్రంలో కాదు. పత్రం దిద్దిన చేతిలో. గుండ్రాలు దిద్దటంలో పొరపాటు జరిగింది, దాన్ని సరిచూడవలసిన రెండో కన్ను దాటిపోయింది. వారి మీద చర్య తీసుకున్నారు. నేను తెలుగు చెబుతాను. ఆ పత్రం నా బల్ల మీదికి వచ్చి వుండవచ్చు. సాయంత్రం కట్ట ముగించే తొందరలో నా చెయ్యి మాత్రం తప్పదని ఎట్లా చెప్పను?

అసలు విషాదం ఇక్కడ వుంది. అధ్యాపకుడు తప్పితే యంత్రం పట్టుకుంటుందనుకున్నాడు. యంత్రం రాసినవాడు షరతుల్లో లేని పని తనది కాదనుకున్నాడు. షరతులు రాసినవాడు ధర తక్కువ గనుక నియమం నెరవేరిందనుకున్నాడు. ప్రతివాడూ తన వంతు నియమం పాటించాడు. చివరకు బాధ్యత మాత్రం ఎవరి చేతిలోనూ మిగలలేదు. శ్రమను ముక్కలు చేసి అమ్మే సమాజం బాధ్యతను కూడా ముక్కలు చేస్తుంది. పని ముక్కలను మళ్ళీ అతికించవచ్చు, బాధ్యత ముక్కలు అతకవు.

కనుక మనం అడగవలసింది కంపెనీ మార్పు ఒక్కటే కాదు. షరతులు రాసేటప్పుడే అధ్యాపకుల, విద్యార్థుల సంఘాలను కూర్చోబెట్టాలి. పాత సంవత్సరపు మార్కులను కొత్త సాఫ్ట్‌వేర్‌లో నడిపి, రెండు ఫలితాలూ సరిపోయినాకే దాన్ని వాడాలి. తెలుగులో సున్న, తక్కిన అన్నిటా మంచి మార్కులు కనిపిస్తే ఆగి చూసే మనిషి ఒకడు వుండాలి. ఫలితాలను ఆపే అధికారం అతనికి వుండాలి. ఇవన్నీ చేస్తే ధర పెరుగుతుంది. పెరగనివ్వండి. ఆ ఖర్చును ప్రభుత్వ ఖజానా భరించకపోతే పదిహేడేళ్ళ పిల్లలు భరిస్తారు.

పనిని అప్పగించవచ్చు. బాధ్యతను అప్పగించలేము, పంచుకోగలం, అంతే. ఆ పంపకంలో ముందుగా మన వాటా మనం ఒప్పుకుంటేనే, ప్రభుత్వాన్ని దాని వాటా అడిగే హక్కు మనకు వుంటుంది.