అయ్యగారి కష్టం

బెర్గ్‌మన్ సినిమా 'వింటర్ లైట్' (1963) మొన్న మళ్ళీ చూశాను. చైనా అణుబాంబు భయం పట్టుకున్న ఓ జాలరి ధైర్యం కోసం పాస్టర్ తోమాస్ దగ్గరికొస్తాడు. తోమాస్ తన సందేహాలన్నీ అతని ముందే వెళ్ళబోసుకుంటాడు. కాసేపటికే జాలరి ఆత్మహత్య చేసుకుంటాడు.

మొదటిసారి తోమాస్ మీద కోపమొచ్చింది. అబద్ధమైనా చెప్పొచ్చు కదా! ఈసారి మాత్రం, ఆ మాట అంతకుముందు ఎవరితో చెప్పుకోగలిగేవాడు అనిపించింది. మా ఊరి చర్చిలో అందరి కష్టాలూ అయ్యగారి దగ్గరికే వెళ్ళేవి. ఆయనకి బాలేదంటే బీపీనో, షుగరో అనుకునేవాళ్ళం. నేను బర్నౌట్ అంటే మేనేజర్ రెండు వారాలు సెలవిచ్చాడు. విశ్వాసం సన్నగిల్లిందని అయ్యగారంటే? మర్నాడే కమిటీ కూర్చునేది. ఆయన్ని నటించమన్నది మేమే కదా.

చివర్లో తోమాస్, దాదాపు ఖాళీ చర్చిలో, ఆరాధన మొదలుపెడతాడు. అది నటనో, విశ్వాసమో నేనింకా తేల్చుకోలేదు.